హెచ్‌టూఎస్ నీటి పరీక్ష సీసా: నలుపును నమ్మండి, మారని రంగును వెంటనే నమ్మకండి

ఒకే వీధిలో రెండు మూడు ఇళ్లల్లో వాంతులు, విరేచనాలు మొదలైతే ముందు అనుమానించాల్సింది నీళ్లనే. ఆ అనుమానాన్ని ఊళ్లోనే, ల్యాబు లేకుండా పరీక్షించగలిగే చవకైన సాధనం ఈ హెచ్‌టూఎస్ సీసా. జల్ జీవన్ మిషన్ కింద గ్రామాల్లో మహిళలకు నేర్పే నీటి పరీక్షల్లో ఇదీ ఒకటి. పద్ధతిని 1982లో మన దేశ శాస్త్రవేత్తలే ప్రకటించారు.

సీసా అడుగున ఉన్న మందులో పెప్టోన్ (బ్యాక్టీరియాకు మేత), ఇనుము లవణం, థయోసల్ఫేట్ ఉంటాయి. మలంతో పాటు నీళ్లలో చేరే బ్యాక్టీరియాలో చాలా రకాలు హైడ్రోజన్ సల్ఫైడ్ (హెచ్‌టూఎస్) అనే వాయువును వదులుతాయి. అది ఇనుముతో కలిసి నల్లబడుతుంది. అంతే పని.

వాడడం తేలికే. కుళాయి మూతిని స్పిరిట్‌తో తుడిచి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలేయాలి. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. గీత దాకా, సాధారణంగా 20 మిల్లీలీటర్లు, నింపి మూత బిగించి 30 నుంచి 37 డిగ్రీల వేడిలో ఉంచాలి. 24 గంటలయ్యాక ఒకసారి, 48 గంటలయ్యాక ఇంకోసారి చూడాలి. పాడేరు, అరకు వైపు చలికాలంలో బల్ల మీద వదిలేస్తే రంగు ఆలస్యమవుతుంది. గుడ్డలో చుట్టి ఒంటికి దగ్గరగా పెట్టుకోవడం మేలు. ఎంతసేపటికి నల్లబడిందో రాసుకోండి. త్వరగా మారితే కలుషితం ఎక్కువని అర్థం. అయితే నీళ్లు పోసిన కొద్ది నిమిషాల్లోనే నల్లబడి, కుళ్లిన గుడ్డు వాసన వస్తుంటే అది బ్యాక్టీరియా పని కాదు, ఆ బోరు నీళ్లలోనే సల్ఫైడ్ ఉన్నట్టు.

అసలు విలువ ఒక్క సీసాలో లేదు, నాలుగు సీసాల వరుసలో ఉంది. బోరు దగ్గర ఒకటి, ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర ఒకటి, పైపులైను చిట్టచివరి కుళాయి దగ్గర ఒకటి, రోగి ఇంటి బిందెలోంచి ఒకటి. ట్యాంకుది మారకుండా చివరి కుళాయిది నల్లబడితే మధ్యలో పైపు పగిలిందన్నమాట: మురుగుకాల్వ దాటే చోటు, వాల్వు గుంత ముందు చూడాలి. సరఫరా ఆగినప్పుడు ఆ పగులులోంచే మురుగు లోపలికి లాక్కుంటుంది. బిందెది ఒక్కటే నల్లబడితే తప్పు ఇంట్లో నీళ్లు ముంచుకునే తీరులో ఉంది.

ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే. కేసులు తెలియగానే ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు కలిపేస్తారు, తర్వాత నమూనా తీస్తారు. ఆ సీసా మారదు, "నీళ్లు బాగున్నాయి" అని రిపోర్టు వెళ్లిపోతుంది. నాలుగు సీసాలు నింపడానికి పావుగంట చాలు. ముందు నమూనా, వెంటనే క్లోరినేషన్. ఫలితం కోసం ఒక్క రోజు కూడా ఆగొద్దు. ఓఆర్‌ఎస్ పంపిణీ, నీళ్లు మరిగించుకోమని చెప్పడం ఆ పూటే మొదలవ్వాలి. చివరి కుళాయిలో మిగులు క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు, వైరస్ భయం ఉంటే 0.5 ఉందో లేదో క్లోరోస్కోప్ (క్లోరిన్ కొలిచే చిన్న కిట్)తో చూస్తే అప్పటికప్పుడే తెలుస్తుంది. ఆ పరీక్షకు ఈ సీసా ప్రత్యామ్నాయం కాదు.

మారని సీసాను ఎందుకు నమ్మకూడదంటే, మన తాగునీటి ప్రమాణం 100 మిల్లీలీటర్లలో ఒక్క ఈ-కోలై (మలంలో ఉండే బ్యాక్టీరియా) కూడా ఉండకూడదంటుంది, ఇది చూసేది 20నే. పైగా ఈ-కోలై రకాలు చాలావరకు హెచ్‌టూఎస్ వదలవు. పచ్చకామెర్ల కేసుల్లో ఇంకా కష్టం: నీళ్ల ద్వారా కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఇ వైరస్ జబ్బు బయటపడడానికి రెండు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, అప్పటికి తాగిన నీళ్లు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాయి. విషపదార్థాల సంగతి దీనికి తెలియనే తెలియదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛతో పడిపోయినప్పుడు ఎయిమ్స్ ప్రాథమిక పరీక్షల్లో కనిపించింది సీసం, నికెల్. అలాంటి చోట ల్యాబుకు నీళ్లు, రక్తం నమూనాలు వెళ్లాల్సిందే.

కొనేటప్పుడు నింపే గీత, గడువు తేదీ, బ్యాచ్ నంబరు ఉన్నవే తీసుకోండి. వాడకముందే బూజు కనిపించినా, నల్లబడినా పారేయండి. నల్లబడిన సీసాలో కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి: బ్లీచింగ్ ద్రావణం పోసి అరగంట ఉంచాకే మరుగుదొడ్డిలో పారబోయాలి, కాల్వలో కాదు.