పిల్లల క్రికెట్ హెల్మెట్ కొనేవారికి హెచ్చరిక: గ్రిల్ సందులోంచి బంతి దూరింది

బెంగళూరులో పిల్లలను క్రికెట్ శిక్షణకు పంపుతున్న తెలుగువారందరూ దయచేసి ఇది చదవండి. మార్తహళ్లి వైపు ఒక క్రీడాసామగ్రి దుకాణంలో కొన్న హెల్మెట్ ధరించి నెట్స్‌లో ఆడుతుండగా, తోలు బంతి హెల్మెట్ పై అంచుకూ, ముఖం ముందుండే తీగల గ్రిల్‌కూ మధ్యనున్న సందులోంచి దూరి మా అబ్బాయి కనుబొమ్మకు తగిలింది. కుట్లు పడ్డాయి, కంటికి ప్రమాదం లేదని వైద్యులు చెప్పారు. బంతి వేసినది వాడి ఈడు పిల్లవాడే కనుక, ఇందులో వేగం తప్పు లేదు, తప్పంతా ఆ సందుదే.

పెద్దల బంతి చుట్టుకొలత 22.4 నుంచి 22.9 సెంటీమీటర్లు, అంటే అడ్డంగా సుమారు 7 సెంటీమీటర్లు ఉంటుంది. పదమూడేళ్లలోపు పిల్లల బంతి అంతకంటే చిన్నది. పెద్దల బంతిని ఆపగలిగిన సందు పిల్లల బంతిని ఆపుతుందన్న నమ్మకం లేదు. పైగా దెబ్బ తగిలిన క్షణంలో తీగలు వంగుతాయి కాబట్టి, సందు బంతికంటే వెంట్రుకవాసి తక్కువ ఉంటే చాలదు, బాగా తక్కువగా ఉండాలి. అంతర్జాతీయ ఆటగాళ్లకూ ఇది తప్పలేదు: 2014 ఆగస్టులో ఓల్డ్ ట్రాఫర్డ్ టెస్టులో భారత బౌలర్ వరుణ్ ఆరోన్ వేసిన బంతి ఇలాగే లోపలికి దూరి ఇంగ్లండ్ ఆటగాడు స్టువర్ట్ బ్రాడ్ ముక్కు విరిగింది.

క్రికెట్ హెల్మెట్లకు బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 7928:2013 ఉంది. దాని ప్రకారం ముఖరక్షణను బంతితో కొట్టి పరీక్షిస్తారు, పెద్దల బంతికీ పిల్లల బంతికీ వేర్వేరుగా. ఏ బంతికి పనికివస్తుందో లోపలి చీటీపై ఉండాలి. మాకు అమ్మిన హెల్మెట్‌పై ఉన్న మెరిసే స్టిక్కర్ మీద మాత్రం ఐఎస్ 4151 అని ఉంది. అది ద్విచక్రవాహనాల హెల్మెట్లకు సంబంధించిన భారతీయ ప్రమాణం. స్కూటర్ మీదనుంచి పడినప్పటి సంగతి చూస్తుందే తప్ప గ్రిల్ సందును అది పట్టించుకోదు. ఈ స్టిక్కర్ ఎవరు అంటించారో దుకాణదారుడు చెప్పలేకపోయాడు, బహుశా చెప్పదలచుకోలేదు.

అందువల్ల దుకాణానికి వెళ్లేటప్పుడు మీ పిల్లలు ఆడే బంతినే వెంట తీసుకెళ్లండి. గ్రిల్ మరలను పూర్తిగా బిగించమని, ఆ సందులో బంతిని పెట్టి గట్టిగా నొక్కి చూడండి. కొంచెం లోపలికి జారినా ఆ హెల్మెట్ వద్దు. మరలు చేత్తో తిప్పగానే కదిలిపోయినా అంతే.

వంగిన గ్రిల్‌ను పట్టకారుతో సరిచేసి ఇస్తామన్నారు మాకు. ఒప్పుకోకండి, ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ లోపలి ఫోమ్ మెత్త అణిగిపోతుంది, పైకి ఏమీ కనిపించదు. దెబ్బ తర్వాత వాంతులు, మగత, తగ్గని తలనొప్పి ఉంటే ఇంట్లో గమనిస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బిల్లుపై అచ్చువేసిన ‘అమ్మిన వస్తువు వాపసు లేదు’ అన్న వాక్యాన్ని చూపి డబ్బు ఇవ్వలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, బిల్లులో గడువు లేకపోతే 30 రోజులలోపు లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. ఇలాంటి ఫిర్యాదులకు జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 ఉంది. వారితో మాట్లాడే ముందు బిల్లు, స్టిక్కర్ ఫొటో, వైద్యుని చీటీ దగ్గర ఉంచుకోండి. హెల్మెట్‌ను మాత్రం మరమ్మతుకని దుకాణదారుని చేతికి తిరిగి ఇవ్వకండి.