ది గ్రేట్ గియానా సిస్టర్స్ (కమొడోర్ 64): నకలు అన్న మాటతో కొట్టిపారేయలేని ఆట

కమొడోర్ 64 కంప్యూటర్ కోసం 1987లో జర్మనీ నుంచి వచ్చిన ‘ది గ్రేట్ గియానా సిస్టర్స్’ ఆట పేరెత్తగానే, అది నింటెండో సంస్థ ఆట సూపర్ మారియో బ్రదర్స్‌కు నకలు అన్న మాట వెంటనే వినిపిస్తుంది. ఆ మాట అబద్ధం కాదు. మొదటి దశలో ఇటుకల వరుసలు, తలతో పొడవవలసిన పెట్టెలు, దూకి దాటవలసిన గోతులు మారియో తొలి దశలో ఎక్కడెక్కడ ఉంటాయో దాదాపు అక్కడక్కడే ఉన్నాయి. టీవీకి తగిలించుకునే వీడియో గేములతో మారియో ఆడి పెరిగిన తెలుగువారెవరైనా ఆ అమరికను చూడగానే పోల్చుకుంటారు. నాకు ఈ ఆటలో నచ్చనిది అన్నిటికన్నా ముందు ఆ మొదటి దశే. ఎందుకంటే తర్వాతి దశల్లో ఉన్న సొంతదనాన్ని అది కప్పివేస్తుంది, చాలామంది అక్కడే ఆగి తీర్పు చెప్పేస్తారు.

ఈ ఆటను రెయిన్‌బో ఆర్ట్స్ సంస్థ ప్రచురించింది. ప్రోగ్రామింగ్ ఆర్మిన్ గెసెర్ట్‌ది, బొమ్మలు మాన్‌ఫ్రెడ్ ట్రెంజ్‌వి, సంగీతం క్రిస్ హ్యూల్స్‌బెక్‌ది. ఆ రోజుల్లో మారియో ఆడాలంటే నింటెండో యంత్రమే కొనుక్కోవాలి. జర్మనీలో ఇంటింటి కంప్యూటర్‌గా పేరు తెచ్చుకున్న కమొడోర్ 64 మీద అలాంటి ఆటకు ఎంత ఆదరణ ఉంటుందో వీళ్లు సరిగ్గానే ఊహించారు. కథ చిన్నది. గియానా అనే అమ్మాయి నిద్రలో ఒక వింత లోకంలోకి వెళ్లిపోతుంది, అక్కడ ఒక పెద్ద వజ్రం దొరికితేనే ఆమెకు మెలకువ వస్తుంది. ఇద్దరు ఆడితే వంతులవారీగా రెండోవారికి ఆమె సోదరి మరియా పాత్ర వస్తుంది.

ఆట నడకలోకి వస్తే, మారియోకూ గియానాకూ ఉన్న అసలు తేడా చేతికి తెలుస్తుంది. నింటెండో కంట్రోలర్‌లో దూకడానికి ఒక మీట, పరుగుకూ నిప్పు విసరడానికీ ఇంకొకటి ఉంటాయి. కమొడోర్ జాయ్‌స్టిక్‌కు ఉన్నది ఒకే ఒక్క మీట. ఆ మీటను ఈ ఆట కాల్పులకు కేటాయించింది, దూకడానికి జాయ్‌స్టిక్‌ను పైకి తోయాలి. పరుగు అన్నది లేదు. మారియో వేగం అందుకుని, ఆగబోయినప్పుడు కొంత దూరం జారి ఆగుతాడు; గియానా ఎప్పుడూ ఒకే వేగంతో నడుస్తుంది, జాయ్‌స్టిక్ వదిలిన చోటే నిలబడిపోతుంది. ఇది వినడానికి చిన్న మార్పులా ఉన్నా, ఆట స్వభావాన్నే మార్చివేసింది. రెండు గోతుల మధ్య ఉన్న ఇరుకైన దిమ్మె మీద వాలవలసి వచ్చినప్పుడు మారియోలోలాగా పరుగు ఊపును నమ్ముకుని దూకేయడం ఇక్కడ కుదరదు. అంచు దాకా అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లి, గోతిలోంచి పైకెగిరే చేప మళ్లీ కిందికి పోయేదాకా ఆగి, అప్పుడు జాయ్‌స్టిక్‌ను మూలగా, అంటే పైకీ ముందుకీ ఒకేసారి తోయాలి. ఆ ఆగడంలోనే ఈ ఆట రుచి ఉందని నా అభిప్రాయం. దూకుడుగా ఆడేవారికి ఇది మొండిగా తోస్తుంది, కొలత చూసుకుని ఆడేవారికి ప్రతి గెంతూ లెక్క తేలినట్టుంటుంది.

శక్తుల విషయంలోనూ సొంత ముద్ర ఉంది. నిప్పు చక్రం తగిలితే ఒద్దికైన గియానా జుట్టు నిలువునా లేచి పంక్ పిల్లగా మారిపోతుంది, అప్పటినుంచి తలతో ఇటుకలు పగలగొట్టగలుగుతుంది. మెరుపు దొరికితే ఆమె కాల్చగలుగుతుంది. లోపాలూ ఉన్నాయి. పైకి తోసి దూకే పద్ధతి వల్ల కాసేపటికి మణికట్టు నొప్పి పుడుతుంది, శత్రువు తలమీద వాలామనుకున్నప్పుడు పక్కనుంచి తగిలినట్టు లెక్కవేసే సందర్భాలు చికాకు పెడతాయి. భూగర్భ దశలు కొన్ని ఒకదానికొకటి మరీ దగ్గరగా కనిపిస్తాయి. అయినా దాదాపు ఒక మెగాహెర్ట్జ్ వేగమే ఉన్న ప్రాసెసర్ మీద తెర కుదుపు లేకుండా పక్కకు జరగడం మెచ్చుకోవలసిన పని. వీడియో చిప్ బొమ్మను కొన్ని చుక్కల మేరకే సొంతంగా జరపగలదు; ఆ హద్దు దాటిన ప్రతిసారీ అడ్డంగా 40, నిలువుగా 25 గడులున్న తెరను ప్రోగ్రామే కొత్త చోట పేర్చుకోవాలి.

ఇక సంగీతం గురించి ఎంత చెప్పినా తక్కువే. హ్యూల్స్‌బెక్ 1968లో పుట్టారు, అంటే ఈ ఆట వచ్చేనాటికి ఇరవై ఏళ్లయినా నిండలేదు. కమొడోర్‌లో శబ్దాలు పలికించే సిడ్ అనే చిప్ ఒకేసారి మూడు స్వరాలే పలికించగలదు. తాళం, మంద్రస్వరం, రాగం ఆ మూడింటికే సరిపోతాయి కాబట్టి, ఆ కాలపు స్వరకర్తలు ఒకే గొంతులో మూడు నాలుగు స్వరాలను కనురెప్పపాటులో ఒకదాని వెంట ఒకటి తిప్పి, అన్నీ కలిసి మోగుతున్న భ్రమ కలిగించేవారు. తొలి తెరమీద వినిపించే బాణీలో ఉత్సాహం కన్నా దిగులు పాలు ఎక్కువ. కలలో దారితప్పిన పిల్ల కథకు ఆ దిగులే సరైన పునాది. మారియో సంగీతం హుషారుగా వెన్నుతట్టి పంపితే, ఇది మనల్ని ఆ నిద్రలోకి తీసుకుపోతుంది. 2008లో కొలోన్‌లో హ్యూల్స్‌బెక్ సంగీతంతో నిండు ఆర్కెస్ట్రా కచేరీ జరిగినప్పుడు అందులో గియానా బాణీలకూ చోటు దక్కింది.

ఆట దుకాణాల్లో ఎక్కువ కాలం నిలవలేదు. పేరులోనూ రూపంలోనూ మారియోను గుర్తుచేయడమే కాక, మారియో సోదరుల కాలం చెల్లిపోయిందన్న అర్థం వచ్చే నినాదంతో ప్రచారం చేశారు. నింటెండో ఒత్తిడి తెచ్చింది, వ్యవహారం కోర్టు దాకా పోకుండానే ప్రచురణకర్తలు అమ్మకాలు ఆపేశారు. అందువల్ల అప్పట్లో అమ్మిన అసలు ఆట పెట్టెలు అరుదైపోయాయి. గెసెర్ట్ తర్వాత స్థాపించిన స్పెల్‌బౌండ్ సంస్థ 2009లో నింటెండో వారి చేతిలో పట్టే ఆట యంత్రం డీఎస్ మీదే గియానాను మళ్లీ తీసుకొచ్చింది. ఆ తర్వాత 2012లో వచ్చిన మరో గియానా ఆట ‘ట్విస్టెడ్ డ్రీమ్స్’ బొమ్మల్లో చాలా అందమైనది, కానీ దాని ఆటతీరు వేరు.

ఈరోజు ఆడాలనుకునేవారికి పాత యంత్రాన్ని నేటి కంప్యూటర్‌లో అనుకరించే వైస్ అనే ఉచిత ఎమ్యులేటర్ సరిపోతుంది. అందులో యంత్రాన్ని పాల్ అనే ఐరోపా టీవీ రకానికి అమర్చుకోవడం మరవకూడదు. ఐరోపా టీవీల 50 హెర్ట్జ్ వేగానికి రాసిన ఆట కాబట్టి అమెరికా రకం 60 హెర్ట్జ్ యంత్రంగా అమరిస్తే సంగీతం తొందరపడుతుంది. కీబోర్డు మీద మూలగా దూకడానికి రెండు మీటలు కలిపి నొక్కాలి, అది ఈ ఆటకు పెద్ద అడ్డంకి. ఎలాంటిదైనా సరే ఒక జాయ్‌స్టిక్ సంపాదించుకోవడం మంచిది. తొలి తెరమీద బాణీ పూర్తయ్యేదాకా మీట నొక్కకుండా వినండి, మొదటి దశను చకచకా దాటేయండి, కనీసం అయిదారు దశలు ఆడాకే బాగుందో లేదో తేల్చుకోండి.