ఆ తెలుగు వంటల మోడ్‌కి డబ్బులు కట్టకండి

మన మైన్‌క్రాఫ్ట్ గేమ్ గ్రూపుల్లో తిరుగుతున్న 499 రూపాయల తెలుగు వంటల మోడ్ (గేమ్‌కి అదనంగా తగిలించే ప్రోగ్రామ్) గురించే ఈ పోస్ట్. అమ్మేదెవరో చాలామందికి తెలుసు, పేరు రాయను. మైన్‌క్రాఫ్ట్ 1.20.1 వెర్షన్‌లో మోడ్‌లని నడిపించే ఫోర్జ్‌కి, "నెలల తరబడి కూర్చుని సొంతంగా కోడ్ చేశా" అంటూ అమ్ముతున్నాడు. సొంతమూ లేదు, పాడూ లేదు. ఎవరైనా ఉచితంగా దించుకోగల ఫార్మర్స్ డిలైట్ అనే వంటల మోడ్ అది.

గోంగూర పచ్చడి రెసిపీ తెరవండి. కుండలో 2 టమాటాలు, పక్కన ఒక గిన్నె. గోంగూర ఏదిరా నాయనా? ఫార్మర్స్ డిలైట్‌లో టమాటా సాస్ అచ్చంగా ఇదే. ఇక వెజ్ పులావ్‌లో బియ్యం, ఉల్లిపాయ, క్యారెట్, కోడిగుడ్డు. వెజ్ అట! అక్కడి ఫ్రైడ్ రైస్‌కి పేరు మార్చాడు, గుడ్డు తీసేయడానికి మాత్రం బద్ధకం. మనకైనా అక్కడ బుర్ర వెలగాలి. వెలగదుగా, తెలుగు పేరు కనబడితే చాలు, యూపీఐ పిన్ కొట్టేస్తాం.

గుట్టు బయటపడేది యాడాన్ (ఒక మోడ్‌కి తోడుగా వేసే ఇంకో మోడ్) వేసినప్పుడు. ఫార్మర్స్ డిలైట్ యాడాన్‌లకి అసలు మోడ్ ఉండాల్సిందే. ఆ అసలు మోడ్‌ని కూడా ఇతని మోడ్ పక్కన మోడ్స్ ఫోల్డర్‌లో పెట్టగానే గేమ్ మెనూ దాకా కూడా రాదు. గేమ్ రాసిపెట్టే లాగ్‌లో రిజల్యూషన్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్. ఇతను మోడ్ ఐడీ (గేమ్ ఆ మోడ్‌ని గుర్తుపట్టే పేరు) మార్చాడు గానీ లోపలి జావా ప్యాకేజీల (కోడ్‌ని సర్దిపెట్టే ఫోల్డర్ల లాంటివి) పేర్లు ముట్టుకోలేదు. మైన్‌క్రాఫ్ట్ 1.17 నుంచి ఫోర్జ్ మోడ్‌లని జావా మాడ్యూళ్ళుగా ఎక్కిస్తోంది, ఒకే ప్యాకేజీ రెండింట్లో ఉంటే జావా ఒప్పుకోదు. ఆ ఎర్రర్ లైన్‌లోనే అసలు మోడ్ ప్యాకేజీ పేరు నిక్షేపంగా కనబడుతుంది.

జార్‌ని, అంటే మోడ్ ఫైల్‌ని, 7-జిప్‌తో తెరిచి చూస్తే రచయితల వరుసలో ఒక్క ఇతని పేరే. ఫార్మర్స్ డిలైట్‌ది ఎంఐటీ లైసెన్స్. తీసుకో, మార్చుకో, పంచుకో, మా కాపీరైట్ నోటీసు మాత్రం ఉంచు అంటుంది. సరిగ్గా ఆ ఒక్కటే పీకేశాడు. ఆ పైన, సొంతంగా రాసిన మోడ్ అయినా డబ్బుకి అమ్మకూడదని మైన్‌క్రాఫ్ట్ ఒప్పందంలోనే ఉంది.

ఇంత తెలిసీ మర్యాదగానే అడిగాను: "అన్నా, క్రాష్ అవుతోంది. సోర్స్ ఎక్కడుందో చెప్తే ప్యాకేజీ పేర్లు సరిచేసి పంపుతా." వచ్చిన జవాబు ఇదీ: "ఫ్రీగా కావాలంటే పోయి ఫ్రీ మోడ్‌లు ఆడుకో తమ్ముడూ." ఫ్రీ మోడ్‌నే డబ్బుకి అమ్మినవాడి నోట ఈ మాట! వెంటనే బ్లాక్. దొంగతనం కంటే ఆ "తమ్ముడూ" అన్న తీరే ఎక్కువ మండించింది. ఉచితంగా పని చేసిపెడతానన్నవాడికి దక్కిన గౌరవం.

స్క్రీన్‌షాట్‌లు చూసి మోసపోకండి. మైన్‌క్రాఫ్ట్ తెలుగు అక్షరాలని కలిపి చూపించలేదు, ఒత్తులు విడిపోతాయి. "పచ్చడి" అని రాస్తే పొల్లు ఒకచోట, రెండో చ ఒకచోట, గుడి ఇంకోచోట. అతని బొమ్మల్లో ఒత్తులు పాఠ్యపుస్తకంలో ఉన్నంత చక్కగా ఉన్నాయంటే అవి గేమ్‌లో తీసినవి కావు.

ఇప్పటికే కొని వరల్డ్ మొదలుపెట్టినవాళ్ళు జార్‌ని తొందరపడి తీసేయకండి. ఐడీ వేరు కాబట్టి అసలు మోడ్ వేసినా అతని కుండలు, పొలంలో పంట, పెట్టెల్లో వంటకాలు అన్నీ మాయమవుతాయి. ముందు సేవ్స్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోండి. 1.21కి అప్‌డేట్ వస్తుందన్న ఆశ కూడా వద్దు. ఆ వెర్షన్‌లో డేటా ఫోల్డర్ల పేర్లే మారాయి, ఐడీ మార్చడం చేతనైనంత మాత్రాన అది అయ్యే పని కాదు.

తెలుగు పేర్లే కావాలంటే మోడ్ అక్కర్లేదు, గేమ్‌లో పేర్లు, బొమ్మలు మాత్రం మార్చే రిసోర్స్ ప్యాక్ చాలు. 1.20.1కి సరిపడే ప్యాక్ ఫార్మాట్ నంబరు 15 పెట్టి, అసెట్స్‌లో ఫార్మర్స్ డిలైట్ ఐడీతో ఫోల్డర్, దాని లోపల లాంగ్ (lang) ఫోల్డర్, అందులో అమెరికన్ ఇంగ్లీషు జేసన్ ఫైల్ (en_us.json). మార్చాలనుకున్న పేర్ల వరుసలు మాత్రమే రాస్తే సరిపోతుంది, మిగతావి అసలు మోడ్ నుంచే వస్తాయి. ఒత్తుల గొడవ ఉంది కాబట్టి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. మార్చాక ఎఫ్3, టీ కలిపి నొక్కితే గేమ్ మూయకుండానే ప్యాక్ మళ్ళీ లోడవుతుంది.