చియాంగ్ మై, కౌలాలంపూర్, దుబాయ్: ఒంటరిగా రిమోట్ ఉద్యోగం చేసుకునే అమ్మాయికి ఏది మేలు?

రిమోట్ ఉద్యోగం ఉంది, కొన్నాళ్లు వేరే దేశంలో ఉండి పని చేసుకోవాలని ఉంది, ఒక్కదాన్నే వెళ్తాను, ఏ ఊరు మంచిది అని అడిగితే చాలామంది ముందు అద్దెల గురించి చెబుతారు, తర్వాత ఇంటర్నెట్ స్పీడ్, ఆ తర్వాత కాఫీ షాపులు. నేనైతే ముందు మీ టీమ్ ఎక్కడుందని అడుగుతాను. పని ఎన్నింటికి మొదలై ఎన్నింటికి అయిపోతుందో, ఆ టైమ్‌కి బయట వీధి ఎలా ఉంటుందో తెలిశాకే మిగతా లెక్కలు. ఒంటరిగా ఉండే ఆడవాళ్ల రోజు నిజంగా ఎలా గడుస్తుందో తేల్చేది అదే.

ఈ మూడు ఊళ్లనే తీసుకోండి. థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మై మనకంటే గంటన్నర ముందు, మలేషియా రాజధాని కౌలాలంపూర్ రెండున్నర గంటలు ముందు, దుబాయ్ గంటన్నర వెనక. మీ టీమ్ హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండి తొమ్మిదిన్నర నుంచి ఆరున్నర దాకా పని చేస్తుంటే, దుబాయ్‌లో మీకు అది పొద్దున 8 నుంచి సాయంత్రం 5, చియాంగ్ మైలో 11 నుంచి 8, కౌలాలంపూర్‌లో మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 9. అదే న్యూయార్క్ వాళ్లతో పొద్దున 10 గంటల మీటింగ్ ఉందనుకోండి, చలికాలంలో అది దుబాయ్‌లో రాత్రి 7, చియాంగ్ మైలో 10, కౌలాలంపూర్‌లో 11. అమెరికా టీమ్ ఉన్నవాళ్లు తూర్పుకి వెళ్లేకొద్దీ నిద్ర పోగొట్టుకుంటారు. ఊరు అందంగా ఉందని వెళ్లి, రాత్రి ఒంటిగంట దాకా కాల్స్‌లో ఉండి, పగలంతా నిద్రపోతే ఎవరితోనూ పరిచయం పెరగదు. కొత్త ఊళ్లో ఆడపిల్లకు పరిచయాలు లేకపోవడమే అన్నిటికంటే పెద్ద కష్టం.

ముందు కౌలాలంపూర్. ఇక్కడ నాకు అన్నిటికంటే నచ్చేవి రైళ్లు. ఎమ్మార్టీ, ఎల్లార్టీ, మోనోరైల్ కలిసి ఊళ్లో చాలా భాగం తిప్పుతాయి, రాత్రి 11 దాటాక కూడా నడుస్తాయి. కేటీఎం కమ్యూటర్ రైళ్లలో 2010 నుంచే ఆడవాళ్లకు విడిగా పెట్టెలు ఉన్నాయి. రాత్రి 9కి పని ముగించుకుని భోజనానికి వెళ్లినా తినడానికి ఏదో ఒకటి దొరుకుతుంది, తమిళ ముస్లింలు నడిపే మామక్ హోటళ్లు కొన్ని 24 గంటలూ తెరిచే ఉంటాయి, ట్యూబ్‌లైట్ల వెలుతురులో కుటుంబాలు, కాలేజీ పిల్లలు కూర్చుని ఉంటారు, ఒంటరిగా కూర్చుని పరోటా లాంటి రోటీ చనాయ్ తినే అమ్మాయిని ఎవరూ వింతగా చూడరు. కండోల్లో, అంటే అపార్ట్‌మెంట్ భవనాల్లో, ఎక్కువ చోట్ల గేటు దగ్గర గార్డు, లిఫ్టుకి యాక్సెస్ కార్డు ఉంటాయి. ఇంట్లో అమ్మానాన్నల టెన్షన్ సగం తగ్గించే విషయం ఇది.

ఇబ్బందులూ చెప్పాలి. బైకు మీద వచ్చి బ్యాగు లాక్కుపోయే దొంగతనాలు అక్కడ ఎప్పటినుంచో ఉన్నవే, కాబట్టి ఫుట్‌పాత్ మీద నడిచేటప్పుడు బ్యాగు రోడ్డు వైపు కాకుండా గోడ వైపు ఉండాలి, ఫోన్ చేతిలో పట్టుకుని మ్యాప్ చూస్తూ నడవకూడదు. ఇంకోటి, ఇది చాలామంది ముందే చెప్పరు: అద్దె ప్రకటనల్లో కొందరు ఓనర్లు ఫలానా జాతి వాళ్లకే ఇస్తామని రాసేస్తారు, భారతీయులకు ఇవ్వమని మొహం మీదే చెప్పేవాళ్లూ ఉన్నారు. కొత్తగా వెళ్లిన అమ్మాయికి ఒంటరిగా ఈ మాట వినడం బాధగా ఉంటుంది. అందుకే మొదటి రెండు వారాలు సర్వీస్డ్ అపార్ట్‌మెంట్‌లో ఉండి, తర్వాత నెమ్మదిగా ఇల్లు వెతుక్కోవడం మంచిది. మామూలుగా రెండు నెలల డిపాజిట్, దాని మీద అర నెల కరెంటు, నీళ్ల డిపాజిట్, ఒక నెల అద్దె ముందుగా అడుగుతారు, ఆ డబ్బు చేతిలో ఉండాలి.

తెలుగువాళ్లకు మలేషియాలో ఒక దన్ను ఉంది. రబ్బరు, కొబ్బరి తోటల్లో పనికి మన వాళ్లు వంద ఏళ్లకు ముందే వెళ్లారు, మలేషియా తెలుగు సంఘం 1955 నుంచి ఉంది, ఉగాది చేస్తారు, పిల్లలకు తెలుగు నేర్పుతారు. కౌలాలంపూర్‌లో మన భారతీయుల పేట బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఎక్కువగా వినిపించేది తమిళమే అయినా కరివేపాకు, చింతపండు, అరిటాకు భోజనం అన్నీ దొరుకుతాయి. జ్వరం వచ్చి రెండు రోజులు పడుకున్నప్పుడు రసం అన్నం తెప్పించుకోగలగడం ఎంత ధైర్యమో అనుభవించినవాళ్లకే తెలుసు.

వీసాకి డీఈ రంటౌ పాస్ ఉంది, 2022లో మొదలుపెట్టారు. 3 నుంచి 12 నెలల వరకు ఇస్తారు, తర్వాత పొడిగించుకోవచ్చు. ఐటీ, డిజిటల్ పనులు చేసేవాళ్లకు ఏడాదికి 24,000 డాలర్ల ఆదాయం చూపించాలి, మిగతా రంగాల వాళ్లకు ఈ హద్దు 60,000 డాలర్లు.

చియాంగ్ మై సంగతి వేరు. ఊరు చిన్నది, అద్దెలు తక్కువ, నెలవారీగా గది ఇచ్చే చోట్లు బోలెడు, నిమ్మన్ అనే పేట వైపు వెళ్తే ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న ఒంటరి ఆడవాళ్లు ప్రతి కాఫీ షాపులోనూ కనిపిస్తారు. ఏం బట్టలు వేసుకున్నావు, మొగుడేడి అని అడిగేవాళ్లు ఉండరు. పరిచయాలు తొందరగా అవుతాయి, కానీ ఆ మనుషులు తొందరగా వెళ్లిపోతారు కూడా, మూడో నెలకి మళ్లీ కొత్తగా మొదలుపెట్టాలి.

అక్కడ నాకు భయం వేసేది మనుషులను చూసి కాదు, రోడ్లను చూసి. మెట్రో లేదు, సాంగ్‌థావ్ అనే ఎర్ర బండ్లు పగలు బాగానే దొరుకుతాయి, రాత్రయ్యాక తగ్గిపోతాయి, దాంతో అందరూ స్కూటర్ అద్దెకు తీసుకుంటారు. మోటార్‌సైకిల్‌కి కూడా వర్తించే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ లేకుండా నడిపితే జరిమానా సంగతి పక్కన పెట్టండి, ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు పైసా ఇవ్వకపోవచ్చు. ఒంటరిగా ఉన్నప్పుడు కాలు విరిగితే చూసుకునేవాళ్లెవరు? బండి బాగా నడపడం రాకపోతే గ్రాబ్ లేదా బోల్ట్ యాప్ ట్యాక్సీల ఖర్చు అద్దెలో కలిపి లెక్కేసుకోండి.

ఇక పొగ. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చుట్టుపక్కల పొలాలు, అడవులు తగలబెడతారు, ఊరు కొండల మధ్య గిన్నెలా ఉండటంతో ఆ పొగ కదలదు. కొన్ని రోజులు ప్రపంచంలోనే గాలి అత్యంత చెడిపోయిన పెద్ద ఊళ్ల జాబితాలో చియాంగ్ మై పైన ఉంటుంది. ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు ఆ నెలల్లో అటు వెళ్లనే వద్దు. నవంబర్ నుంచి జనవరి వరకు మాత్రం అంత హాయైన వాతావరణం ఈ మూడు ఊళ్లలో ఇంకెక్కడా లేదనే నా అభిప్రాయం. శాకాహారులకు ఒక మాట: కూరగాయల కూరలో కూడా చేపల సాస్ పడుతుంది, పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో ‘జే’ అని ఉన్న కొట్టు వెతుక్కోండి, అక్కడ మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు.

థాయ్‌లాండ్ 2024 జులైలో డీటీవీ అనే వీసా తెచ్చింది. ఐదేళ్లు చెల్లుతుంది, వెళ్లిన ప్రతిసారీ 180 రోజులు ఉండొచ్చు, 5 లక్షల బాట్ల నిల్వ చూపించాలి. అయితే ఒక క్యాలెండర్ ఏడాదిలో 180 రోజులు అక్కడ ఉంటే పన్ను లెక్కల్లో అక్కడి నివాసి అవుతారు, కాబట్టి తేదీలు రాసి పెట్టుకోండి. టూరిస్టుగా వెళ్లి పని చేసుకుంటే ఎవరు చూస్తారులే అనే సలహా చాలామంది ఇస్తారు, నేను ఇవ్వను. ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఒంటరిగా నిలబడినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పగలిగే కాగితం చేతిలో ఉండాలి.

దుబాయ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ప్రతి ఊళ్లోనూ దుబాయ్‌లో ఉండే బంధువు ఎవరో ఒకరు ఉంటారు. రాత్రి ఎన్నింటికైనా తిరగొచ్చు, మెట్రోలో ఆడవాళ్లకు పిల్లలకు వేరే పెట్టె, ఆడవాళ్లే నడిపే గులాబీ రంగు కప్పు ట్యాక్సీలు ఉన్నాయి. ఆదాయపు పన్ను లేదు. ఏడాది రిమోట్ వీసాకి నెలకి 3,500 డాలర్ల జీతం చూపించాలి. కానీ అద్దె చాలా ఎక్కువ, అదీ ఏడాది మొత్తానికి ఒకటో రెండో నాలుగో చెక్కులుగా ముందే ఇమ్మంటారు, రెండు మూడు నెలలకు వెళ్లేవాళ్లకు ఇది కుదరదు. వాట్సాప్‌లో మెసేజ్‌లు వెళ్తాయి, కాల్స్ వెళ్లవు, అమ్మతో రోజూ వీడియోలో మాట్లాడే అలవాటుంటే అక్కడ అనుమతి ఉన్న వేరే యాప్ ఆవిడ ఫోన్‌లో కూడా ముందే వేసి, వాడటం నేర్పి వెళ్లాలి.

నా ఓటు కౌలాలంపూర్‌కే, టీమ్ ఇండియాలో ఉండి మొదటిసారి ఒంటరిగా వెళ్లేవాళ్లకైతే ఇంకో ఆలోచన లేకుండా. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, సుమారు నాలుగు గంటలు, ఇంట్లో ఏదైనా అవసరమొస్తే అదే రోజు బయల్దేరి వచ్చేయొచ్చు. ఒకసారి ఒంటరిగా ఉండటం అలవాటయ్యాక చలికాలం మూడు నెలలు చియాంగ్ మై వెళ్లండి. అమెరికా, యూరప్ టీమ్‌తో పని చేస్తూ జీతం గట్టిగా వస్తుంటే దుబాయ్, ఎందుకంటే అక్కడ మీ రాత్రి నిద్ర కొంతైనా మీకు మిగులుతుంది.

ఏ ఊరైనా సరే, టికెట్ కొనేముందు ఆ దేశం నుంచి పని చేయడానికి కంపెనీ ఒప్పుకున్నట్టు మెయిల్‌లో రాయించుకోండి, మేనేజర్ నోటి మాట సరిపోదు, చాలా కంపెనీలు బయటి దేశాల నుంచి లాగిన్ కానివ్వవు. జీతం, పన్ను సంగతి సీఏని అడగండి. బ్యాంకు ఓటీపీలు వచ్చే మన సిమ్‌కి ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడున్నప్పుడే ఆన్ చేయించండి, అక్కడికి వెళ్లాక చేయిద్దామంటే దానికి కూడా ఓటీపీ ఆ సిమ్‌కే వస్తుంది.