డాక్సిస్ 3.0 మోడెమా, 3.1 మోడెమా: ఏది మేలు?

అమెరికాలో కేబుల్ ఇంటర్నెట్ వాడుతున్న మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది. కేబుల్ టీవీ తీగ మీద ఇంటర్నెట్ నడిపే సాంకేతిక ప్రమాణం పేరు డాక్సిస్; 3.0, 3.1 దానిలోని రెండు తరాలు. నెలనెలా అద్దె కట్టడం మాని సొంత మోడెమ్ కొనుక్కుందామనుకున్నప్పుడు చవకగా దొరికే డాక్సిస్ 3.0 సరిపోతుందా, లేక మరికొంత పెట్టి 3.1 తీసుకోవాలా?

వేగం ఒక్కటే లెక్కయితే 3.0ను తీసిపారేయడానికి లేదు. 2006 నాటి ఆ ప్రమాణంలో 6 మెగాహెర్ట్జ్ ఛానెల్ ఒక్కొక్కటి సెకనుకు సుమారు 38 మెగాబిట్లు మోస్తుంది కాబట్టి, 16 ఛానెళ్లు కలిపి వాడే మోడెమ్ కూడా లెక్క ప్రకారం 600 మెగాబిట్లు అందుకోగలదు. 300 మెగాబిట్ల ప్లాన్ ఉన్న ఇంట్లో 3.1 తగిలించినంత మాత్రాన స్పీడ్ టెస్టులో అంకె పెరగదు. గిగాబిట్ ప్లాన్‌కు మాత్రం 3.1 తీసుకోవలసిందే. 2013లో వచ్చిన ఈ ప్రమాణంలో ఓఎఫ్‌డీఎం అనే కొత్త పద్ధతిలో డేటా మోసే ఒక్కో ఛానెల్ 192 మెగాహెర్ట్జ్ వరకు వెడల్పు ఉండవచ్చు, దోషాలను సరిదిద్దే పద్ధతి కూడా మెరుగైనది.

అయితే నా దృష్టిలో అసలు తేల్చేది, లైను నిండుగా ఉన్నప్పుడు పడే ఆలస్యం. ఇంట్లో ఒకరు వీడియోలు క్లౌడ్‌లోకి ఎక్కిస్తుండగా మరొకరు విజయవాడలో ఉన్న అమ్మతో వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే, పైకి వెళ్లవలసిన డేటా అంతా మోడెమ్‌లో క్యూ కడుతుంది. మన మాట ఆ క్యూ వెనక చిక్కుకుని అమ్మకు తెగి తెగి వినిపిస్తుంది. ఎన్ని మెగాబిట్ల ప్లాన్ తీసుకున్నా ఈ బాధ దానంతట అది పోదు. క్యూ పెరగకుండా అదుపు చేసే ఏక్యూఎం అనే ఏర్పాటు మోడెమ్‌లో ఉండి తీరాలని 3.1 ప్రమాణం నిర్దేశించింది. కామ్‌కాస్ట్ 2021లో ప్రచురించిన కొలతల్లో, ఏక్యూఎం పనిచేయని పరికరంలో అప్‌లోడ్ భారం ఉన్నప్పుడు ఆలస్యం 250 మిల్లీసెకన్ల దాకా ఉండగా, పనిచేస్తున్న పరికరంలో అది 15 నుంచి 30 మధ్యకు తగ్గింది. ఆ రెండూ 3.1 పరికరాలే కావడం గమనించదగ్గది: 3.1 అయినంత మాత్రాన ఏక్యూఎం పనిచేస్తోందని అనుకోలేం. అందువల్ల కొన్న తరువాత పెద్ద ఫైలు ఒకటి అప్‌లోడ్‌కు పెట్టి, అదే సమయంలో పింగ్ కొట్టి (చిన్న సందేశం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం కొలిచి) చూడాలి.

3.0నే కొనదలచినవారు ఛానెళ్ల సంఖ్య కంటే ముందు లోపలి చిప్ ఏమిటో చూడాలి. 32 ఛానెళ్ల ఆరిస్ ఎస్‌బీ6190లో ఇంటెల్ ప్యూమా 6 చిప్ ఉంది. ఆ చిప్ ఉన్న మోడెమ్‌లలో ఆలస్యం ఉండుండి ఎగిసిపడుతోందన్న ఫిర్యాదులు 2016లో బయటికొచ్చి, 2017లో కోర్టుకెక్కాయి. అదే కంపెనీ 16 ఛానెళ్ల ఎస్‌బీ6183లో ఉన్నది బ్రాడ్‌కామ్ చిప్ కనుక, అట్టమీద చిన్న అంకె ఉన్నా ఆటలకూ కాల్స్‌కూ అదే నయం.

మా ఇంటికి నేను ఎంచుకున్నది బ్రాడ్‌కామ్ చిప్ ఉన్న 3.1 మోడెమ్. ఇంటి నుంచి పనిచేసేవారు ఒక్కరున్నా, ప్లాన్ చిన్నదైనా సరే, 3.1 వైపే మొగ్గమంటాను. గిగాబిట్ దాటిన ప్లాన్ ఉంటే 2.5 గిగాబిట్ల ఈథర్‌నెట్ పోర్టు ఉన్నది చూసుకోవాలి. తరువాతి తరమైన డాక్సిస్ 4.0 కోసం ఇప్పుడే ఆగనక్కర్లేదు. మోడెమ్‌ను అద్దె లేకుండా ఇచ్చే సంస్థ అయితే సొంతంగా కొనవలసిన తొందరే లేదు.

ఏది కొన్నా మీ సంస్థ ఆమోదించిన మోడెమ్‌ల జాబితాలో అది ఉందో లేదో ముందు చూసుకోండి. బిగించాక బ్రౌజర్‌లో 192.168.100.1 తెరిస్తే ఛానెల్‌వారీగా సిగ్నల్ బలం కనబడుతుంది. డౌన్‌స్ట్రీమ్ (మన వైపు వచ్చే) సిగ్నల్ బలం అంకెలు మైనస్ 7, ప్లస్ 7 డీబీఎంవీ మధ్య లేకపోయినా, సరిదిద్దలేని దోషాల సంఖ్య గంటగంటకూ పెరుగుతున్నా, మోడెమ్ మార్చే ముందు గోడలోంచి వచ్చే తీగనూ, దాన్ని పాయలుగా విడదీసే స్ప్లిటర్‌నూ టెక్నీషియన్‌తో చూపించుకోవాలి.