రోజూ మాత్రా? డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్పించడమా?

పిల్లాడు హెరాయిన్‌కో, ట్రమడాల్ అనే నొప్పి మాత్రకో అలవాటు పడ్డాడని తెలిస్తే గుంటూరైనా బెజవాడైనా ఇంట్లో మొదటి మాట ఒకటే: ‘ఎక్కడైనా చేర్పించేద్దాం.’ ఈ అలవాటుకు చికిత్సగా నాలుక కింద పెట్టే బుప్రెనార్ఫిన్ మాత్ర సంగతి చాలామందికి తెలియదు.

ఖర్చు: ప్రైవేటు సెంటర్‌కు నెలనెలా బిల్లు. ఇంజెక్షన్ అలవాటున్నవాళ్లకు ప్రభుత్వ ఓఎస్‌టీ (మత్తుకు బదులు మందిచ్చే) కేంద్రాల్లో మాత్ర ఉచితం.

శ్రమ: సెంటర్‌లో చేర్చాక ఇంటివాళ్లకు కాస్త ఊపిరి. మాత్రకైతే సాధారణంగా రోజూ వెళ్లాలి. పొడి చేసి నాలుక కింద వేస్తారు, కరిగేదాకా కదలకూడదు. కూలి పనికెళ్లేవాడికి ఇదే తలనొప్పి.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడుంది. కొన్ని వారాలు మానేస్తే ఒంటికి తట్టుకునే శక్తి పోతుంది. బయటికొచ్చి పాత డోసే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. అమెరికా 1935లో లెక్సింగ్టన్‌లో ఇలా చేర్చి మాన్పించడానికే జైలులాంటి ఆసుపత్రి తెరిచింది. విడుదలైనవాళ్లలో ఎక్కువమంది మళ్లీ మొదలెట్టారు. 1965లో డోల్, నైస్వాండర్ అనే డాక్టర్లు న్యూయార్క్‌లో మెథడోన్ (ఇదీ బుప్రెనార్ఫిన్‌లా మత్తుకు బదులిచ్చే మందే) ఫలితాలు ప్రచురించాక, ఈ అలవాటును షుగర్‌లా దీర్ఘకాలపు జబ్బుగా చూడటం పెరిగింది. ‘ఒక మత్తు పోయి ఇంకో మత్తేగా’ అంటారు మనవాళ్లు. ఈ మాత్ర సరైన డోసులో వేసుకుంటే కిక్కుండదు, యావ తగ్గుతుంది. దీంతో మద్యం, నిద్రమాత్రలు కలిపితే మాత్రం ప్రాణాపాయం.

ఏళ్ల తరబడి అలవాటు, మానేసి మళ్లీ మొదలెట్టడం ఉంటే మాత్రకే నా ఓటు. అలవాటు కొత్తదై, ఇల్లు అండగా ఉంటే చేరి మానవచ్చు, కానీ సైకియాట్రిస్టు ఉన్నచోటే. కొట్టి, కట్టేసి మాన్పిస్తామనే చోటికి వద్దు. ఎటూ తేలకపోతే మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి, టోల్‌ఫ్రీ.