అజూర్ డెవాప్స్ కెపాసిటీ ట్యాబ్: మూడేళ్లు వాడాక

నెల్లూరు మినీ బైపాస్ రోడ్డులో మాది చిన్న ఆఫీసు. టీములో ఆరుగురం, అందులో ఇద్దరు డెవలపర్లు ఒంగోల్లో ఇంటి నుంచే పనిచేస్తారు. మాకు రెండు వారాలకో స్ప్రింటు, అంటే ఆ రెండు వారాల్లో ఇంత పని చేస్తామని ముందే ఒప్పుకుని చేయడం. ఎవరి మీద ఎంత పని పడుతుందో మొదట్లో ఎక్సెల్లో రాసుకునేవాళ్లం. ఈ మూడేళ్లూ అజూర్ డెవాప్స్‌లో (సాఫ్ట్‌వేర్ టీములు పనులు రాసుకునే మైక్రోసాఫ్ట్ టూల్), ఒక్కొక్కరికీ రోజుకు ఎన్ని పని గంటలో వేసే కెపాసిటీ ట్యాబ్‌లోనే చూసుకుంటున్నాం.

మొదట మనిషికి రోజుకు 8 గంటలని వేశాం. ఏ స్ప్రింటు చూసినా పని మిగిలిపోయేది. స్టాండప్పులు (రోజువారీ చిన్న మీటింగులు), కాల్సు, కోడ్ రివ్యూలు, పాత రిలీజులో బయటపడ్డ బగ్గులు పోను చేతికి దొరికేది ఐదు గంటలే. ఆర్నెల్లకు ఐదుకు దించాం. ఎందుకు తగ్గించారని క్లయింటు వైపు నుంచి గట్టిగానే అడిగారు. కానీ ఒప్పుకున్న పని ఒప్పుకున్న రోజుకు ఇవ్వడం మొదలైంది ఆ తర్వాతే.

మనిషి పేరు పక్కన ఓ గీత కనపడుతుంది. పని గంటల్లోపు ఉంటే పచ్చగా, దాటితే ఎర్రగా. మాకు టెస్టింగ్ చేసే అమ్మాయి రోజూ కావలి నుంచి రైల్లో వస్తుంది. ఏ పనిచ్చినా "అట్టనే అన్నా, చేసేస్తాలే" అంటుంది. పెద్దవాళ్లకు కుదరదని చెప్పడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు కదా. ఓ ప్లానింగు రోజు ఆమె గీత ఎర్రబడింది, 50 గంటలకు 64. ఆమె ఏమీ అనలేదు. నేనే ఎనిమిదేసి గంటల టాస్కులు రెండు తీసి వేరేవాళ్లకిచ్చాను. గీత పచ్చబడ్డాక మెల్లిగా చెప్పింది, అంతకుముందు రెండు వారాలూ ఇంటికెళ్లి రాత్రి పదకొండు దాకా టెస్టింగ్ చేశానని. మనసు చివుక్కుమంది. అప్పటి నుంచి ఆ గీత చూడకుండా ఒక్క టాస్కూ ఎవరికీ ఇవ్వలేదు.

అయితే టాస్కులో రిమైనింగ్ వర్క్, అంటే ఇంకా మిగిలిన పని గంటలు వేస్తేనే గీత కదులుతుంది. స్టోరీకి (టాస్కులుగా విడగొట్టే పెద్ద పనికి) గంటలు కాకుండా సైజు చెప్పే పాయింట్లు వేసి ఊరుకుంటే ఖాళీగానే ఉంటుంది. ఒకరే రెండు టీముల్లో ఉంటే రెండుచోట్లా గంటలు పంచి వేయాలి.

ఇంకోటి. పోయిన స్ప్రింటు నుంచి కాపీ చేస్తే రోజువారీ గంటలు వస్తాయి గానీ సెలవులు రావు. ఓ ఏడాది రొట్టెల పండక్కి ముగ్గురు రెండేసి రోజులు సెలవడిగారు. నేను కాపీ చేసి వదిలేశాను. చేతిలో ఉన్నది 270 గంటలు, పని తీసుకున్నది 300కు. చివరికి పండగ జరిగే స్వర్ణాల చెరువు దగ్గర ఇంటిల్లిపాదితో ఉన్న కుర్రాడికి ఫోన్ చేయాల్సొచ్చింది. పండగ పూట ఒక మనిషిని అట్టా పిలవకూడదు. ఇప్పుడు కాపీ చేయగానే గోడ మీది క్యాలెండరు దించి, ఒక్కొక్కరినీ అడిగి సెలవులు వేస్తాను.

నవంబరు వానలకు ఒంగోల్లో కరెంటు పోతుంటుంది. అందుకే ఆ నెలంతా అక్కడి ఇద్దరికీ రోజుకు నాలుగు గంటలే వేస్తున్నాం.